ఫంక్షన్ ముగిసినా మెమరీ తగ్గట్లేదు: గో భాషలో టెంపరరీ ఆబ్జెక్టులు ఎప్పుడు ఖాళీ అవుతాయి?

#1 మీటర్_రీడర్ · సోమవారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒకటే టెన్షన్, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా సర్వీసుకు రోజూ రాత్రి కరెంటు మీటర్ల రీడింగుల ఫైళ్లు వస్తాయి. మొత్తం 14 ఫైళ్లు, ఒక్కోటి దాదాపు 60 ఎంబీ. గోలో రాసిన ప్రోగ్రాం ఒక్కో ఫైలునూ చదివి, లైన్లుగా విడగొట్టి, రీడింగులో తేడా కనిపించిన కనెక్షన్ల సర్వీస్ నంబర్లను మాత్రం ఒక మ్యాప్‌లో (కీతో వెతికే పట్టికలో) పెట్టుకుంటుంది. ఫైలుకు మహా అయితే రెండు మూడు వందల నంబర్లు, అంతే. కంటైనర్‌కు 1 జీబీ లిమిట్ పెట్టారు. ఏడో ఎనిమిదో ఫైలు దగ్గరికి వచ్చేసరికి ఓఓఎం కిల్ (మెమరీ చాలక సిస్టమే ప్రోగ్రాంను ఆపేయడం) అయిపోతోంది.

ఫైలు చదివే పనంతా ఒకే ఫంక్షన్‌లో ఉంది. అది అయిపోగానే అందులోని టెంపరరీ వేరియబుల్స్ అన్నీ పోవాలి కదా? చివర్లో డేటా = నిల్ అని కూడా రాశాను. ఏమీ తేడా లేదు. టీమ్‌లో ఒకరు లిమిట్ 2 జీబీ చేసేయమంటున్నారు. అలా చేయడం నాకు ఇష్టం లేదు, కారణం తెలుసుకోవాలని ఉంది.

#2 పాతకాపు_సి · రాత్రి 11:58

కారణం తెలుసుకోవాలనుకోవడం మంచిది తమ్ముడూ. లిమిట్ పెంచితే ఈ నెల గడుస్తుంది, ఫైళ్లు 20 అయిన రోజున మళ్లీ ఇదే గొడవ.

ముందు ఒక అపోహ తీసేయాలి. సీ భాషలో మనమే మాలాక్ అని మెమరీ అడుగుతాం, ఫ్రీ అని తిరిగి ఇచ్చేస్తాం. ఫ్రీ అన్న లైను దాటగానే ఆ చోటు వేరేవాళ్లు వాడుకోవచ్చు. గోలో హీప్ మీద ఉన్న ఆబ్జెక్టుకు అలాంటి క్షణం లేదు. ఫంక్షన్ ముగిసిందంటే ఆ ఆబ్జెక్టును చూపించే దారి ఒకటి తెగిందని మాత్రమే అర్థం. దారులన్నీ తెగాక, తర్వాతి జీసీ (గార్బేజ్ కలెక్టర్, వాడుకలో లేని మెమరీని ఏరేది) సైకిల్ వచ్చినప్పుడు, అది చెత్త అని తేలుతుంది. ఈ రెంటికీ మధ్య మిల్లీసెకన్లు పట్టొచ్చు, రెండు నిమిషాలు కూడా పట్టొచ్చు. అసలు ఏ పనీ లేకుండా కూర్చున్న ప్రోగ్రాంలో కూడా రెండు నిమిషాలుగా జీసీ జరగకపోతే రన్‌టైమ్ (ప్రోగ్రాంతో పాటే నడిచే గో సొంత కోడ్) తనే ఒకసారి నడిపిస్తుంది.

#3 డెవాప్స్_రాత్రిషిఫ్టు · మంగళవారం అర్ధరాత్రి 12:20

మీరు చూస్తున్నది టాప్ కమాండ్‌లో ఆర్‌ఎస్‌ఎస్ అంకె (ప్రాసెస్ చేతిలో ఉన్న అసలు మెమరీ) అయితే దాన్ని పూర్తిగా నమ్మకండి. జీసీ ఖాళీ చేసిన పేజీలు వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళ్లవు. స్కావెంజర్ అని వేరే పని ఉంటుంది, అది నెమ్మదిగా తిరిగి ఇస్తుంది. గో 1.12లో లైనక్స్ మీద మెమరీ తిరిగి ఇవ్వడానికి ఎంఅడ్వైజ్ ఫ్రీ పద్ధతికి మారారు. అప్పట్లో మెమరీ ఇచ్చేసినా ఆర్‌ఎస్‌ఎస్ తగ్గినట్టు కనిపించేది కాదు, అందరూ లీక్ అనుకుని కంగారుపడేవాళ్లం. 1.16లో మళ్లీ డోంట్‌నీడ్ పద్ధతికి వచ్చేశారు, ఇప్పుడు అంకె నిజంగానే తగ్గుతుంది.

ఫైలు ఫైలుకూ మధ్య డీబగ్.ఫ్రీఓఎస్‌మెమరీ (ఖాళీ మెమరీని బలవంతంగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇప్పించేది) పిలిచి చూడండి. నా అనుమానం మీ సమస్య అదే అని.

#4 స్టాక్_ఫ్రేమ్ · ఉదయం 7:05

రాత్రిషిఫ్టు గారు చెప్పిన స్కావెంజర్ సంగతి నిజమే కానీ, ఇక్కడ అది కారణం కాదనుకుంటున్నాను. ఎందుకంటే జీసీ ఖాళీ చేసిన చోటు ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళ్లకపోయినా మన ప్రాసెస్ చేతిలోనే ఉంటుంది. రెండో ఫైలు వచ్చినప్పుడు మొదటి ఫైలు వదిలిన చోటునే వాడుకోవాలి. అలాంటప్పుడు అంకె ఒక ఎత్తుకు వెళ్లి అక్కడే ఆగాలి. మీకు ఫైలు ఫైలుకూ పెరుగుతోంది. పెరగడం, తగ్గకపోవడం రెండూ వేర్వేరు జబ్బులు.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. "టెంపరరీ ఆబ్జెక్టు" అని మనం ఒకే పేరుతో పిలిచేవి గోలో రెండు రకాలుగా బతుకుతాయి.

పెళ్లి భోజనాల్లో బంతి గుర్తు తెచ్చుకోండి. బంతి లేవగానే విస్తళ్లన్నీ ఒకేసారి ఎత్తేస్తారు, ఏ విస్తరి ఎవరిదని అడగరు. స్టాక్ అంతే. ఫంక్షన్ నుంచి బయటికి రాగానే దాని ఫ్రేమ్ మొత్తం ఒక్క దెబ్బలో పోతుంది. జీసీకి దాంతో పనే లేదు, ఖర్చు దాదాపు సున్నా.

హీప్ మీద ఉన్నవి పెళ్లికి ఇంటింటి నుంచీ తెచ్చిన గుండిగలు, గంగాళాల లాంటివి. ఏది ఇంకా వాడుకలో ఉందో, ఏది ఖాళీగా పడి ఉందో ఒక మనిషి తిరిగి చూస్తే గానీ తెలియదు. తిరిగి చూసే ఆ మనిషే జీసీ.

ఏది ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది కంపైలర్, దాన్నే ఎస్కేప్ అనాలిసిస్ అంటారు. ఒక వేరియబుల్ చిరునామా ఫంక్షన్ దాటి బయటికి వెళ్లే అవకాశం ఉందంటే హీప్, లేదంటే స్టాక్. న్యూ అని రాసినంత మాత్రాన హీప్ కాదు, వార్ అని రాసినంత మాత్రాన స్టాక్ కాదు. గో బిల్డ్‌కు -జీసీఫ్లాగ్స్=-ఎం ఇస్తే లైను లైనుకూ "ఎస్కేప్స్ టు హీప్", "డజ్ నాట్ ఎస్కేప్" అని చెబుతుంది. మీ 60 ఎంబీ బఫర్ ఎలాగూ హీపే, మేక్‌తో 64 కేబీ దాటి అడిగితే స్టాక్ మీద ఇవ్వరు.

ఇక డేటా = నిల్ వల్ల లాభం లేకపోవడానికి కారణం: లోకల్ వేరియబుల్‌ను చివరిసారి ఎక్కడ వాడారో కంపైలర్‌కు ముందే తెలుసు. ఆ లైను దాటాక జీసీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. అంటే ఫంక్షన్ ఇంకా నడుస్తుండగానే ఆ ఆబ్జెక్టు పోవచ్చు. ఫైనలైజర్లు (ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచే ఫంక్షన్లు) పెట్టిన చోట్ల ఇది ఎంత ముందుగా జరుగుతుందంటే, ఆపడానికి రన్‌టైమ్.కీప్‌అలైవ్ అని ఒక ఫంక్షన్ పెట్టాల్సి వచ్చింది.

ఒక్క పని చేయండి. ఒక్కో ఫైలు అయ్యాక రన్‌టైమ్.జీసీ పిలవండి, గోడీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో జీసీట్రేస్=1 పెట్టండి. ప్రతి సైకిల్‌కూ బాణం గుర్తులతో మూడు అంకెలు వస్తాయి: సైకిల్ మొదలైనప్పటి హీప్, మార్కింగ్ ముగిసినప్పటి హీప్, బతికి ఉన్న హీప్. మూడోది చూసి చెప్పండి.

#5 మీటర్_రీడర్ · ఉదయం 10:30

చూశాను. ఫ్రీఓఎస్‌మెమరీతో కూడా తేడా లేదు. మూడో అంకె మొదటి ఫైలు తర్వాత 60 పైన, రెండో దాని తర్వాత 120 పైన, మూడో దానికి 180 పైన. మెట్లు ఎక్కినట్టు ఫైలుకు 60 చొప్పున పెరుగుతోంది.

హీప్ ప్రొఫైల్ కూడా తీశాను. ఇన్‌యూజ్ స్పేస్‌లో (ఇంకా వాడుకలో ఉన్న మెమరీలో) దాదాపు అంతా ఒకే లైను మీద చూపిస్తోంది: ఫైలు బైట్లను స్ట్రింగ్‌గా మార్చే లైను. కానీ ఆ స్ట్రింగ్‌ను నేను ఎక్కడా దాచుకోలేదు! స్ట్రింగ్స్.స్ప్లిట్‌కు ఇచ్చి వదిలేశాను.

#6 పాతకాపు_సి · ఉదయం 10:41

దొరికింది. దాచుకున్నావు తమ్ముడూ, నీకు తెలియకుండా దాచుకున్నావు. మ్యాప్‌లో పెట్టే సర్వీస్ నంబరు ఎక్కడి నుంచి వస్తోంది? లైనును కామా దగ్గర విడగొట్టి మొదటి ముక్క తీసుకుంటున్నావా?

#7 మీటర్_రీడర్ · ఉదయం 10:44

అవునండి.

#8 స్టాక్_ఫ్రేమ్ · ఉదయం 11:10

అంతే, అక్కడే ఉంది.

గోలో స్ట్రింగ్ అంటే 16 బైట్ల చిన్న హెడర్: అక్షరాలు ఎక్కడున్నాయో చూపే పాయింటర్, పొడవు. స్ట్రింగ్స్.స్ప్లిట్ కొత్త అక్షరాలను కాపీ చేయదు, పాత స్ట్రింగ్ మధ్యలోకి వేలు చూపించే హెడర్లను మాత్రమే తయారు చేస్తుంది. 60 ఎంబీ ఫైలు ఒకే స్ట్రింగ్. దాన్ని లైన్లుగా కోశారు, లైన్లను ముక్కలుగా కోశారు, ఒక ముక్కను మ్యాప్‌లో పెట్టారు. ఆ ముక్క పదమూడు అక్షరాలే కావచ్చు, అది చూపిస్తున్న ఆబ్జెక్టు మాత్రం 60 ఎంబీ. ఆబ్జెక్టులో సగం ఉంచి సగం పారేయడం జీసీకి చేతకాదు. ఒక్క పాయింటర్ మధ్యలోకి చూపిస్తున్నా మొత్తం బతికి ఉన్నట్టే. ఫైలుకు ఒక్క నంబరు మ్యాప్‌లోకి వెళ్లినా ఫైలంతా మిగిలిపోతుంది.

ప్రొఫైల్ మిమ్మల్ని ఎందుకు తికమక పెట్టిందో కూడా చెప్పాలి, ఇది చాలామందికి తగిలే దెబ్బ. హీప్ ప్రొఫైల్ ఆ మెమరీని ఎవరు అడిగారో చెబుతుంది. ఇప్పుడు ఎవరు పట్టుకుని ఉన్నారో చెప్పదు. అడిగింది స్ట్రింగ్‌గా మార్చే లైను, పట్టుకున్నది మ్యాప్.

ఇక ఓఓఎం లెక్క. జీసీ ఎంత తరచుగా రావాలో చెప్పే గోజీసీ అనే సెట్టింగ్ విలువ మామూలుగా 100. అంటే బతికి ఉన్న హీప్ ఎంతుందో అంతే మొత్తం కొత్తగా అలొకేట్ అయ్యేదాకా తర్వాతి సైకిల్ మొదలవ్వకపోవచ్చు. ఏడు ఫైళ్ల 420 ఎంబీ ఇరుక్కుంటే లక్ష్యం 840 దాకా వెళ్తుంది. ఎనిమిది ఇరుక్కుంటే 960. పైన స్కావెంజర్ ఇంకా తిరిగి ఇవ్వని పేజీలు, రన్‌టైమ్ సొంత అవసరాలు. 1 జీబీ గోడకు తలకొట్టుకుంది అక్కడే. ఇరుక్కున్నది లిమిట్‌లో సగమే, మిగతా సగం జీసీ తన పద్ధతి ప్రకారం తీసుకున్న వెసులుబాటు.

మందు చిన్నది: మ్యాప్‌లో పెట్టేముందు స్ట్రింగ్స్.క్లోన్ చేయండి, గో 1.18 నుంచి ఉంది. పదమూడు అక్షరాలు కాపీ అవుతాయి, 60 ఎంబీకి తాడు తెగుతుంది. స్లైసులకూ (అర్రేలో ఒక భాగాన్ని చూపేవి) ఇదే జబ్బు ఉంది, బైట్ స్లైసులకు 1.20లో బైట్స్.క్లోన్ వచ్చింది.

#9 మీటర్_రీడర్ · మధ్యాహ్నం 12:15

ఒక్క లైను మార్చాను. ఒక్కో ఫైలు అయ్యాక చూసిన మూడో అంకె 14 ఫైళ్లలో ఎక్కడా 5 ఎంబీ దాటలేదు. చాలా చాలా థాంక్స్. నాలుగు రోజులు జీసీనే తిట్టుకున్నాను, అది తన పని తాను సరిగ్గానే చేసింది.

#10 ఫైనలియర్_కాకినాడ · మధ్యాహ్నం 2:40

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నేను ఇంకా ఇంజనీరింగ్ చదువుతున్నాను. జీసీ తిరిగి చూస్తుందన్నారు కదా, ప్రోగ్రాం నడుస్తుండగా ఎలా చూస్తుంది? చూసి వెళ్లిన తర్వాత ఎవరైనా పాయింటర్ మారిస్తే?

#11 స్టాక్_ఫ్రేమ్ · సాయంత్రం 6:30

చాలా మంచి ప్రశ్న, ఈ రంగంలో అసలు కష్టమంతా ఇదే. గోరూటీన్ల (గోలో పక్కపక్కనే నడిచే తేలికైన పనులు) స్టాకులు, గ్లోబల్ వేరియబుల్స్, వీటిని రూట్స్ అంటారు. అక్కడి నుంచి పాయింటర్ పట్టుకుని నడుస్తూ పోతుంది. ఆబ్జెక్టులకు మూడు రంగులు ఊహించుకోండి. ఇంకా చూడనివి తెలుపు. చేరుకున్నాం గానీ లోపలి పాయింటర్లు చూడనివి బూడిద రంగు. పూర్తిగా చూసేసినవి నలుపు. బూడిద రంగువి అయిపోయేసరికి ఇంకా తెల్లగా మిగిలినవన్నీ చెత్త. ఈ మూడు రంగుల పద్ధతి డైక్‌స్ట్రా, లాంపోర్ట్ తదితరులు 1978లో ప్రచురించిన పేపర్‌లోది. చెత్త ఏరే ఆలోచన ఇంకా పాతది, 1960లో మెకార్తీ లిస్ప్ కోసం రాసింది.

ప్రమాదం నువ్వు చెప్పిందే: నల్లదానిలో కొత్తగా ఒక తెల్లదాని పాయింటర్ రాసి, మిగతా దారులు తెంపేస్తే, బతికున్నదాన్ని జీసీ చంపేస్తుంది. అందుకే మార్కింగ్ జరుగుతున్నంతసేపూ హీప్‌లో పాయింటర్ రాసే ప్రతి చోటా కంపైలర్ పెట్టిన రైట్ బారియర్ పనిచేస్తుంది. పాయింటర్ మార్చావా, నాకు చెప్పి మార్చు అన్నట్టు. దీనివల్లే గో 1.5 నుంచి, అంటే 2015 ఆగస్టు నుంచి, ప్రోగ్రాం నడుస్తుండగానే మార్కింగ్ జరుగుతోంది. అప్పుడు పెట్టుకున్న లక్ష్యం ప్రోగ్రాం ఆగే సమయం 10 మిల్లీసెకన్ల లోపు. 2017లో 1.8 వచ్చేసరికి రైట్ బారియర్ పద్ధతి మార్చి, చివర్లో స్టాకులన్నీ మళ్లీ చూసే అవసరం తీసేశారు. ఆగే సమయం మామూలుగా 100 మైక్రోసెకన్ల లోపుకు వచ్చింది.

ఊరికే రాలేదు అది. మార్కింగ్ నడిచినంతసేపూ కోర్లలో పావు వంతు జీసీకే పోతాయి. ఆ సమయంలో ఏ గోరూటీన్ అయినా మరీ జోరుగా అలొకేట్ చేస్తుంటే, దాని చేత కూడా కొంత మార్కింగ్ చేయిస్తారు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతి. తెల్లగా మిగిలిన ఆబ్జెక్టులను ఎవరూ ఒక్కొక్కటిగా ఖాళీ చేయరు! గో హీప్‌ను 8 కేబీ పేజీలతో చేసిన స్పాన్లుగా విభజిస్తుంది, ఒక స్పాన్‌లో చిన్న ఆబ్జెక్టులన్నీ ఒకే సైజువి. ఏ గడి నిండిందో, ఏది ఖాళీయో చెప్పే బిట్లు ఒక వరస. మార్కింగ్‌లో పడిన బిట్లు మరో వరస. స్వీప్ అంటే రెండో వరసను మొదటి దాని స్థానంలో పెట్టడం. మార్క్ పడని గడులన్నీ అప్పటికప్పుడు ఖాళీ. అదీ అన్ని స్పాన్లకూ ఒకేసారి చేయరు. వెనకాల ఒక గోరూటీన్ నెమ్మదిగా చేస్తుంటుంది, కొత్త ఆబ్జెక్టుకు చోటు కావాల్సి వచ్చినప్పుడు ఆ స్పాన్‌ను అప్పుడే స్వీప్ చేసి వాడుకుంటారు.

కాబట్టి ఒక్కో సైకిల్ ఖర్చు ప్రధానంగా బతికి ఉన్న ఆబ్జెక్టులను బట్టి ఉంటుంది. లక్ష టెంపరరీ ఆబ్జెక్టులు చచ్చి పడి ఉన్నా మార్కింగ్ వాటిని తాకదు. అవి చేసే నష్టం వేరే: సైకిల్స్ తొందర తొందరగా వచ్చేలా చేస్తాయి.

#12 జావా_నుంచి_వచ్చా · రాత్రి 8:15

పదేళ్లు జేవీఎం (జావా ప్రోగ్రాంలను నడిపేది) మీద పనిచేశాను, ఒక సందేహం నన్ను వదలట్లేదు. ఎక్కువ ఆబ్జెక్టులు పుట్టిన కాసేపటికే పోతాయి కదా. జావాలో కొత్తవాటిని వేరే చోట పెట్టి, ఆ చిన్న చోటునే తరచుగా శుభ్రం చేస్తారు. గోలో తరాల పద్ధతి ఎందుకు లేదు? ఇది పెద్ద లోటనే నా అభిప్రాయం.

#13 స్టాక్_ఫ్రేమ్ · రాత్రి 9:00

ప్రయత్నించకుండా వదిలేయలేదండి. గో టీమ్‌కు చెందిన రిక్ హడ్సన్ 2018లో మెమరీ మేనేజ్‌మెంట్ మీద జరిగే ఐఎస్‌ఎంఎం సదస్సులో చేసిన ప్రసంగంలో ఈ కథంతా చెప్పారు. తరాల పద్ధతి చేసి చూశారు. దానికి రైట్ బారియర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, ఆ ఖర్చు కలిసి రాలేదు. రెండోది, గోలో స్ట్రక్ట్‌లు (కొన్ని ఫీల్డులను కలిపి ఉంచేవి) విలువలుగానే ఉంటాయి, ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. దానికి తోడు ఎస్కేప్ అనాలిసిస్. తొందరగా చనిపోయే ఆబ్జెక్టుల్లో చాలా భాగం అసలు హీప్ మొహమే చూడవు, స్టాక్ మీదే పుట్టి అక్కడే పోతాయి. తరాల పద్ధతి ఏరాల్సిన పంటలో సగం కంపైలరే ముందుగా కోసేసింది.

మీ లోటు అన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. బతికి ఉన్న హీప్ చాలా పెద్దదై, దాని మీద టెంపరరీల వాన కురిసే ప్రోగ్రాంలో గో ప్రతిసారీ ఆ పెద్ద హీప్ మొత్తం నడవాల్సిందే. చాట్ కంపెనీ డిస్కార్డ్ 2020లో ఒక సర్వీసును గో నుంచి, జీసీ లేని రస్ట్ భాషకు మార్చడానికి చెప్పిన కారణం ఇలాంటిదే: పెద్ద క్యాష్ (తరచుగా వాడే డేటాను మెమరీలో దాచే చోటు), రెండు నిమిషాలకోసారి తప్పనిసరిగా వచ్చే జీసీ, ఆ క్షణంలో ఆలస్యం. వాళ్లు చెప్పింది పాత వెర్షన్ల గురించి, కానీ సమస్య స్వభావం నిజం. 2025 ఆగస్టులో వచ్చిన 1.25లో గ్రీన్ టీ అనే కొత్త జీసీని ప్రయోగంగా ఇచ్చారు. ఆబ్జెక్టు ఆబ్జెక్టుకూ మెమరీలో గెంతకుండా ఒక స్పాన్‌లోవి కలిపి చూస్తుంది. జీసీ మీద బాగా ఆధారపడే ప్రోగ్రాంలలో జీసీ ఖర్చు 10 నుంచి 40 శాతం తగ్గుతుందని వాళ్ల అంచనా.

#14 డెవాప్స్_రాత్రిషిఫ్టు · రాత్రి 11:30

పైన నా అనుమానం తప్పని తేలింది, ఒప్పుకుంటున్నాను. పెరుగుతున్నదా, నిలిచి ఉన్నదా అన్న తేడా ముందు అడగాల్సింది.

మీటర్_రీడర్ గారూ, లీక్ పోయింది కాబట్టి ఇప్పుడు గోమెమ్‌లిమిట్ (గో ప్రోగ్రాం వాడే మెమరీకి హద్దు చెప్పే సెట్టింగ్) పెట్టుకోండి. 2022 ఆగస్టులో 1.19తో వచ్చింది. 1 జీబీ కంటైనర్‌లో 900 ఎంబీ దగ్గర పెడితే, ఆ అంకె దగ్గరపడే కొద్దీ జీసీ తరచుగా నడుస్తుంది. అంతకుముందు జనం ఎన్ని తంటాలు పడ్డారంటే, లైవ్ వీడియో కంపెనీ ట్విచ్‌లో జీసీ మరీ తరచుగా రాకుండా ప్రోగ్రాం మొదట్లోనే 10 జీబీ ఖాళీ స్లైసు పెట్టి ఉంచారు, దాన్ని బ్యాలస్ట్ అన్నారు. ఒక హెచ్చరిక: ఇది కచ్చితమైన గోడ కాదు. బతికి ఉన్న హీపే లిమిట్ దాటితే జీసీ విడవకుండా తిరుగుతుంది. ప్రోగ్రాం పూర్తిగా మొద్దుబారిపోకుండా సీపీయూలో సగానికి మించి వాడకుండా రన్‌టైమ్ ఆపుతుంది, దాంతో మెమరీ లిమిట్ దాటిపోతుంది. మీ పాత కోడ్‌కు ఇది పెట్టి ఉంటే మహా అయితే ఇంకొన్ని ఫైళ్లు లాగేది.

#15 మీటర్_రీడర్ · బుధవారం ఉదయం 9:50

పెట్టాను. ఇంకొకటి అడగనా? ఫైలు మొత్తం ఒకేసారి చదవడం కూడా మానేద్దామనుకుంటున్నాను. బఫర్ల కోసం సింక్.పూల్ (వాడేసినవి మళ్లీ వాడుకోవడానికి దాచే చోటు) వాడమని ఒకరు సలహా ఇచ్చారు. అవసరమా?

#16 పాతకాపు_సి · ఉదయం 10:20

ఈ పనికి వద్దు. ఫైలును లైను లైనుగా చదివే బఫియో.స్కానర్ పెట్టు, అది ఒకే బఫర్‌ను లైను లైనుకూ తిరిగి వాడుతుంది. దాని టెక్స్ట్ ఫంక్షన్ పిలిస్తే ప్రతి లైనుకూ కొత్త స్ట్రింగ్ పుడుతుంది, బైట్స్ పిలిస్తే పుట్టదు. బైట్స్ తీసుకుని, కామా దాకా ఉన్న ముక్క మ్యాప్‌లో ఉందో లేదో చూడు. మ్యాప్ బ్రాకెట్ల మధ్యలోనే స్ట్రింగ్‌గా మార్చి వెతికితే కంపైలర్ ఆ టెంపరరీ స్ట్రింగ్‌ను అసలు తయారే చేయదు. కొత్త నంబరును మ్యాప్‌లో పెట్టేటప్పుడు మాత్రం కాపీ అవుతుంది, మనకు కావాల్సింది అదే. ఇలా రాస్తే క్లోన్ కూడా అక్కర్లేదు. బైట్స్ ఇచ్చిన స్లైసును మాత్రం తర్వాతి స్కాన్ దాకా దాచుకోకు, అక్షరాలు మారిపోతాయి.

సింక్.పూల్ వందల రిక్వెస్టులు ఒకేసారి వచ్చే సర్వర్లకు బాగుంటుంది. అందులో పెట్టినవి శాశ్వతం కాదు, ఎవరూ తీసుకోకపోతే రెండు జీసీ సైకిల్స్‌లో పోతాయి. నేను చూసిన ఒక పెద్ద తప్పు చెబుతాను: ఎప్పుడో ఒకసారి 50 ఎంబీ దాకా పెరిగిన బఫర్‌ను కూడా పూల్‌లో తిరిగి పెట్టేవాళ్లు. మామూలు రిక్వెస్టులకు కిలోబైట్లు చాలు, అవి వచ్చి ఆ పెద్ద బఫర్లు పట్టుకునేవి. తిరిగి పెట్టేముందు కెపాసిటీ చూసి, పెద్దవైతే వదిలేయాలి.

#17 ఫైనలియర్_కాకినాడ · ఉదయం 11:05

బెంచ్‌మార్క్ రాసి -బెంచ్‌మెమ్‌తో (అలొకేషన్లు లెక్కపెట్టే ఆప్షన్) చూశాను సార్. టెక్స్ట్‌తో లైనుకు ఒక అలొకేషన్ వచ్చింది, బైట్స్‌తో సున్నా. మధ్యలో చూద్దామని ఫంక్షన్‌లో ఎఫ్‌ఎంటీ.ప్రింట్‌ఎల్‌ఎన్ పెడితే సున్నా పోయి మళ్లీ అలొకేషన్లు వచ్చాయి. అదేంటి?

#18 స్టాక్_ఫ్రేమ్ · ఉదయం 11:30

ప్రింట్‌ఎల్‌ఎన్ ఇంటర్‌ఫేస్ విలువలు (ఏ రకం విలువనైనా పట్టే పెట్టెలు) తీసుకుంటుంది. నీ విలువను ఇంటర్‌ఫేస్‌లో పెట్టి బయటికి పంపగానే, లోపల దాన్ని ఎవరు ఎలా వాడతారో కంపైలర్ రుజువు చేసుకోలేదు, హీప్‌కు పంపేస్తుంది. కొలిచే కోడ్‌లో ప్రింట్‌లు ఉంచకు.

#19 మీటర్_రీడర్ · గురువారం ఉదయం 8:10

రాత్రి కొత్త కోడ్‌తో మొదటి రన్. మూడో ఫైలు దగ్గర "టోకెన్ టూ లాంగ్" అని ఆగిపోయింది. చూస్తే ఆ ఫైలు చివరి లైనులో మొత్తం చెక్‌సమ్‌ల జాబితా ఉంది, 64 కేబీ దాటింది. స్కానర్ మామూలుగా అంతకన్నా పొడవైన లైను తీసుకోదట. స్కానర్.బఫర్‌తో 1 ఎంబీకి పెంచి మళ్లీ నడిపాను. 14 ఫైళ్లూ పూర్తయ్యాయి, కంటైనర్ మెమరీ 40 ఎంబీ దాటలేదు. లిమిట్ 256కు తగ్గించమని ఈరోజు మెయిల్ పెడుతున్నాను.